ఫోనంత జాగా మీద కారు

మన క్యాంటీన్‌లో కార్ల ముచ్చట మొదలైతే ముందు ఇంజిన్ వస్తుంది. టర్బోనా కాదా, ఎన్ని పీఎస్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు. ఆ తర్వాత ఎగ్జాస్ట్ సౌండు, అలాయ్ వీల్స్. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎంత వెడల్పువి వేస్తే మస్తు కనబడతది" అన్న కాడికే ఆగిపోతం. ఇంజిన్ ఎంత తోసినా, బ్రేకు ఎంత గట్టిగా పట్టినా, రోడ్డుకు ఆ సంగతి చెప్పేది టైరే. అది "నాతో కాదు" అంటే మిగతావన్నీ వట్టివే.

ఈ వ్యాసం ట్రాక్ మీద తిప్పే కార్ల గురించి కాదు. ఇంట్లో అన్న ఐ20 ఎన్ లైన్ కొన్నడు, లేకుంటే బావ సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ తెచ్చిండు. అదే కారులో ఆఫీసు, అదే కారులో పెళ్లిళ్లు, పండక్కి అమ్మానాన్నలతో వేములవాడ. ఇప్పుడు పాత టైర్లు అరిగినయి, ఏవి వేయాలి? "నువ్వు ఇంజినీరింగ్ కదరా, చెప్పు" అని మనల్నే అడుగుతరు. అప్పుడు ఏం చెప్పాలన్నదే విషయం.

ముందు ఒక చిన్న లెక్క. మనుషులతో కలిపి కారు 1200 కిలోలు అనుకుందాం. టైర్లలో గాలి 33 పీఎస్ఐ, అంటే చదరపు మీటరుకు దాదాపు 2.28 లక్షల న్యూటన్లు. బరువును ఆ పీడనంతో భాగిస్తే నాలుగు టైర్లు కలిపి రోడ్డును తాకే జాగా 516 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఒక్కో టైరుకు 129. మీ చేతిలో ఉన్న ఫోను కొలిచి చూడండి, పెద్ద సైజుదైతే అటూ ఇటూగా అంతే ఉంటుంది. సైడ్‌వాల్ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది కచ్చితమైన లెక్క కాదు గానీ అంచనాకు సరిపోతుంది. మొత్తానికి కారు నడిచేది నాలుగు ఫోన్ల మీద.

ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదు, గమనించారా? బరువూ గాలీ మారనంత వరకు తాకే జాగా పెద్దగా మారదు. వెడల్పు టైరు వేస్తే ఆ జాగా ఆకారం మారుతుంది, అడ్డంగా పెరిగి నిలువుగా తగ్గుతుంది. మలుపుల్లో అది కొంత లాభమే. కానీ "225 వేసినం, గ్రిప్ డబుల్" అనేది మాత్రం ఉత్త మాట.

ఇక మన రోడ్డు సంగతి. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా వరంగల్ పోయే 563వ నంబరు జాతీయ రహదారి మీద మన హుజూరాబాద్ ఉంది. కరీంనగర్ నుంచి వరంగల్ దాదాపు 70 కిలోమీటర్లు, మనం నడిమిట్ల. నాలుగు లేన్ల పని మొదలైన కాడి నుంచి కొత్త తారు, పాత తారు, డైవర్షన్ మట్టి, అన్నీ పక్కపక్కనే. గ్రానైట్ బండలు మోసే లారీలు, నాట్ల కాలంలో పొలాల్లోంచి రోడ్డెక్కే ట్రాక్టర్లు రాల్చే బురద, వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వడ్ల మీద బ్రేకు వేస్తే ఎంత ఖరీదైన టైరైనా బాల్ బేరింగుల మీద ఉన్నట్టే జారుతుంది. అక్కడ టైరు కాదు, యాక్సిలరేటర్ మీది కాలే కాపాడాలె.

ఇలాంటి రోడ్డు మీద స్పోర్టీ కారుకు ముందు కావలసింది ఆగడం, అదీ తడిలో ఆగడం. ఎందుకో మళ్లీ లెక్కతోనే చూద్దాం. బ్రేకింగ్ దూరం = వేగం వర్గం ÷ (2 × మ్యూ × జీ), ఇంటర్‌లో చదివిందే. రెండు కార్లు 80 కిలోమీటర్ల వేగంతో వాన రోడ్డు మీద పోతున్నయి. మంచి టైరున్న దానికి మ్యూ 0.7, గట్టిపడ్డ రబ్బరున్న దానికి 0.55 అనుకుందాం. మొదటిది 36 మీటర్లలో ఆగుతుంది. రెండో దానికి 46 మీటర్లు కావాలి. పది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు వేగం ఎంతుందో లెక్క కట్టండి. ఇంకా గంటకు 37 కిలోమీటర్లు! ఆ 36వ మీటరు దగ్గర చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఉంటే ఒకటి ఆగింది, ఇంకొకటి గుద్దింది. ఏబీఎస్ ఉంది కదా అంటారేమో. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుంది, ఉన్న గ్రిప్‌ను సరిగ్గా వాడుతుంది. లేని గ్రిప్‌ను పుట్టించలేదు.

ఈ మ్యూ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా రబ్బరు మిశ్రమం నుంచి. మెత్తటి రబ్బరు తారులోని చిన్న చిన్న గుంతల్లోకి ఒదిగి బాగా పడుతుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ రోజులు వస్తుంది, మైలేజీ కూడా ఇస్తుంది, తడిలో జారుతుంది. గ్రిప్, మన్నిక, మైలేజీ... ఈ మూడింట్లో ఒకదాన్ని లాగితే మిగతావి అటూ ఇటూ అవుతయి. 1992లో మిషెలిన్ కంపెనీ కార్బన్ బ్లాక్‌లో చాలా భాగం తీసి సిలికా కలిపిన టైరు తెచ్చింది. దాంతో తడి గ్రిప్‌ను వదులుకోకుండా మైలేజీ పెంచడం కుదిరింది. ఇప్పుడు మంచి కారు టైర్లలో చాలావరకు సిలికా ఉంటుంది. అయినా ఈ గుంజులాట పూర్తిగా పోలేదు. "లక్ష కిలోమీటర్లు వస్తది" అని షాపులో మురిపెంగా చెప్తే, దానికోసం ఇంకెక్కడో ఏదో ఇచ్చుకున్నరని అర్థం చేసుకోవాలి.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని మూడు గ్రేడ్లు అచ్చేసి ఉంటయి. ఇవి అమెరికా పద్ధతి. ట్రెడ్‌వేర్ 400 ఉన్న టైరు 200 ఉన్న దానికంటే రెట్టింపు మన్నుతుందని లెక్క. అయితే ఆ నంబరును కంపెనీలు తమ టైర్లకు తామే ఇచ్చుకుంటయి కాబట్టి ఒక కంపెనీ 400ను ఇంకో కంపెనీ 400తో పోల్చొద్దు. ట్రాక్షన్ గ్రేడ్ తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసిన పరీక్షది. డబుల్ ఏ అన్నిటికంటే పైది, ఆ తర్వాత ఏ. మలుపుల గురించి అదేం చెప్పదు. నా మటుకు మన వాడకానికి ట్రాక్షన్ ఏ కంటే తక్కువ ఉంటే చూడొద్దు. ట్రెడ్‌వేర్ మరీ 200 ఉన్నవి కూడా వద్దు, అవి ట్రాక్ కోసం పుట్టినయి.

యూట్యూబ్ విదేశీ రివ్యూల్లో సగం మంచు ముచ్చటే, దాన్ని వదిలేయొచ్చు. అక్కడ "సమ్మర్ టైరు" అంటే ఎండాకాలానికే అని కాదు. చలికి గట్టిపడని దేశాల్లో ఏడాదంతా నడుస్తుంది, వానలో బాగా పడుతుంది. మనకు కావలసింది ఆ రకమే.

ఇక సైజు. ఎక్కువ పైసలు వృథా అయ్యేది ఇక్కడే. ఐ20 ఎన్ లైన్‌కు కంపెనీ ఇచ్చే సైజు 195/55 ఆర్16. వెడల్పు 195 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం అంటే 107, రిమ్ము 16 అంగుళాలు. మొత్తం వ్యాసం 621 మిల్లీమీటర్లు. దీనికి 17 అంగుళాల అలాయ్, 205/45 వేసినం అనుకోండి. వ్యాసం 616, స్పీడోమీటరుకు ఏం తేడా రాదు. కానీ సైడ్‌వాల్ 92కు పడిపోయింది. గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న మెత్త 15 మిల్లీమీటర్లు పోయింది. డైవర్షన్ దగ్గర పదునైన అంచున్న ఒక్క గుంత చాలు, సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి బుడిపె వస్తుంది. దానికి పంచర్ వేయరు, టైరు మార్చుడే. రిమ్ము వంగితే అదో ఖర్చు. కాబట్టి కంపెనీ సైజే వేయండి. మరీ మనసు ఆగకపోతే అదే రిమ్ము మీద 205/50 ఆర్16 దాకా పోవచ్చు. వ్యాసం 611, ఒకటిన్నర శాతమే తేడా. రిమ్ము వెడల్పు దానికి సరిపోవాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల ఎక్కడా తగలొద్దు. సైజు పక్కన ఉండే 87వీ లాంటి గుర్తును కూడా తగ్గించొద్దు. 87 అంటే ఒక టైరు 545 కిలోలు మోస్తుంది, వీ అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. 240తో మనకేం పని అని అడగొచ్చు. వేగం రేటింగ్ ఎక్కువున్న టైరు వేడిని బాగా తట్టుకునేలా కడతరు. మే నెలలో రామగుండం వైపు ఎండలో తారు మీద నడిచే టైరుకు ఆ కట్టుబడి అక్కరకొస్తుంది.

నీళ్ల మీద తేలడం గురించి 1960లలో నాసా వాళ్లు విమానం టైర్లతో తేల్చిన ఒక అందమైన సూత్రం ఉంది. టైరు రోడ్డును వదిలి నీళ్ల మీదికి లేచే వేగం, నాట్లలో, గాలి పీఎస్ఐ వర్గమూలానికి తొమ్మిది రెట్లు. 33 పీఎస్ఐకి గంటకు 96 కిలోమీటర్లు. గాలి 25కు దిగితే 83కే తేలుతుంది. కారు టైరుకు ఇది ఉజ్జాయింపే. గాడులు అరిగిన కొద్దీ ఇంకా ముందే తేలుతుంది, వెడల్పు టైరు ఇంకా తొందరగా. చట్టం గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. గాడుల్లో అడ్డంగా చిన్న గట్లు కనబడతయి చూడండి, ట్రెడ్ వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టు. జూన్ మొదట్లో లోతు మూడుకు దగ్గరపడితే నేనైతే వానాకాలం దాటేదాకా ఆగను, ముందే మార్పిస్తా.

గాలి విషయంలో మనకు ఇంకో చిక్కుంది. మేలో మధ్యాహ్నం 40 డిగ్రీలప్పుడు 33 పెట్టించి, టైరు ఒక్క బుడగ కూడా వదలకున్నా, డిసెంబర్ తెల్లవారుజామున 10 డిగ్రీల్లో చూస్తే అది 28 చిల్లరే ఉంటుంది. ఆదిలాబాద్ దిక్కు పోయేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. గాలి ఎప్పుడూ పొద్దున, కారు నడపకముందు చూపించాలి. నైట్రోజన్ నింపినా ఈ లెక్క మారదు.

షాపుకు పోయినంక ఏం అడగాలి? ప్రతి కంపెనీలో రకాలు ఉంటయి. మిషెలిన్ ప్రైమసీ, బ్రిడ్జ్‌స్టోన్ తురాంజా లాంటివి మెత్తటి ప్రయాణానికీ తడి గ్రిప్‌కూ పేరు పెట్టి అమ్మేవి. అపోలో అమేజర్ ఎక్కువ రోజుల మన్నిక పేరు మీద అమ్ముతరు. కాంటినెంటల్ మాక్స్‌కాంటాక్ట్, యోకోహామా అడ్వాన్ ఫ్లెవా వంటివి స్పోర్టీ రకం. మీ సైజులో ఏది దొరుకుతుందన్నది కూడా చూసుకోవాలి, స్పోర్టీవి అన్ని సైజుల్లో రావు. నా ఓటు వారానికి రెండుసార్లు హైవే ఎక్కే కారుకు మొదటి రకానికే. ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు మీద మలుపుల సరదా నిజంగా ఉన్నోళ్లు మూడో రకం తీసుకోండి, తొందరగా అరుగుతయని తెలిసి తీసుకోండి. రెండో రకం టాక్సీకి బాగుంటది, టర్బో కారుకు కాదు.

కంపెనీ ఏదైనా సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ మీరే చదవాలి. 1425 అంటే 2025లో 14వ వారం తయారైందని. నాలుగు టైర్లకూ చూడండి, ఒకటి రెండు పాతవి కలిపే అవకాశముంది. ఆర్నెల్ల లోపుదైతే హాయిగా తీసుకోవచ్చు. రెండేళ్లు దాటింది "సగం ధరకే" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బాణం గుర్తున్న టైరు అటే తిరిగేలా, అవుట్‌సైడ్ అని రాసి ఉన్నది ఆ వైపే బయటికి ఉండేలా బిగించారో లేదో నిలబడి చూసుకోండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు.

పైసలు రెండు టైర్లకే ఉంటే? ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా అని కొత్తవి ముందర వేయమంటరు చాలామంది. వెనక్కే వేయించండి. ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ పడుతుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అది దారికి వచ్చేలోపు ఎదురుగా లారీ ఉంటుంది.