జలుబును ఎవరు పట్టుకున్నారు? నవ్వుతో ఇంగ్లీషు నేర్వడం వెనుక శాస్త్రం

‘నాకు జలుబు చేసింది’ అన్న మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే ‘కోల్డ్ డిడ్ టు మీ’ అవుతుంది. వినగానే నవ్వొస్తుంది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు అనే ‘ఐ కాట్ ఎ కోల్డ్’ను కూడా అలాగే తెలుగులోకి తెద్దాం. ‘నేనొక జలుబును పట్టుకున్నాను.’ వీధి చివరిదాకా తరిమి మరీ పట్టుకున్నట్టు! ఇదీ నవ్వే. రెండు వైపుల నుంచీ నవ్వుకున్నాక ఒక వ్యాకరణ సూత్రం దానంతటదే అర్థమవుతుంది. జలుబు, ఆకలి, కోపం లాంటివి తెలుగులో మనకు ‘వస్తాయి’, ‘వేస్తాయి’, ‘చేస్తాయి’. ఇంగ్లీషులో చాలాసార్లు మనిషే కర్త.

ఛత్తీస్‌గఢ్‌లోని చరోదాలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. రాయ్‌పూర్–దుర్గ్ రైలు మార్గంలో ఉన్న ఈ ఊళ్లోనే భిలాయి మార్షలింగ్ యార్డు ఉంది. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారం దగ్గరలోనే ఉంది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. రైల్వే, ఉక్కు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆ ఇంటి పిల్లకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్తే మాత్రం ఇంగ్లీషు. మూడు భాషలు గలగలా మాట్లాడే ఆ అమ్మాయి నాలుగో భాష దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం.

నవ్వు ఆ అమ్మాయి నోరు మూయించగలదు. అదే నవ్వు పాఠాన్ని గుర్తుండేలా చేయగలదు కూడా. తేడా ఎక్కడుంది?

రొట్టె మీద సాక్సులు

మనం ఒక వాక్యం వింటున్నప్పుడు తరువాత రాబోయే మాటను మెదడు ముందే అంచనా వేస్తూ ఉంటుంది. 1980లో మార్టా కుటాస్, స్టీవెన్ హిలియార్డ్ అనే శాస్త్రవేత్తలు కొందరి తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, వాక్యాలను ఒక్కొక్క మాట చొప్పున చూపించారు. రొట్టె మీద వెన్న పూశాడని రావలసిన చోట సాక్సులు పూశాడని వస్తే, ఆ మాట కనబడిన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్ సంకేతంలో ఒక ప్రత్యేకమైన మార్పు కనిపించింది. దానికి ‘ఎన్400’ అని పేరు. అంటే సెకనులో సగం కూడా గడవకముందే మెదడు ‘ఇక్కడేదో పొసగలేదు’ అని గుర్తిస్తుంది.

పొసగకపోతే చాలదు, ఆ చిక్కు విడిపోవాలి కూడా. ‘ఓహో, అదా సంగతి!’ అనిపించినప్పుడే నవ్వు పుడుతుంది. 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరికి కార్టూన్లు చూపిస్తూ మెదడును ఎఫ్‌ఎంఆర్ఐతో పరిశీలించారు. నవ్వు తెప్పించిన కార్టూన్లను చూసినప్పుడు, మనకిష్టమైనది దొరికితే స్పందించే మెదడు భాగాలు చురుకయ్యాయి. అంటే జోకు అర్థం కావడం మెదడుకు ఒక చిన్న బహుమతి.

మీగడ నుంచి ‘మీగర్’ దాకా

కొత్త మాటలు నేర్వడానికి ‘కీవర్డ్ పద్ధతి’ అని ఒకటుంది. పరాయి మాటలాగే వినిపించే సొంత భాష మాటను వెతకాలి. ఆ రెంటినీ కలిపి ఒక వింత బొమ్మను మనసులో గీసుకోవాలి. 1975లో రిచర్డ్ అట్కిన్సన్, మైకేల్ రా ఈ పద్ధతిలో ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థులకు 120 రష్యన్ మాటలు నేర్పారు. తరువాత పరీక్ష పెడితే ఈ పద్ధతి వాడినవారికి 72 శాతం, వాడనివారికి 46 శాతం మాటలు గుర్తున్నాయి. ఆరు వారాల తరువాత చూసినా 43 శాతం, 28 శాతంగా తేడా నిలిచింది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. ‘మీగర్’ అంటే చాలీచాలనిది. పెద్ద గిన్నెడు పాల మీద గోరంత మీగడ ఉందనుకోండి. ఆ మీగడ మీగర్, ఈ ఏడాది పెరిగిన జీతమూ మీగరే. ‘ఆడమంట్’ అంటే పట్టిన పట్టు విడవనివాడు. ఆడమంటే ఆడడు, పాడమంటే పాడడు, వాడే ఆడమంట్! కాకపోతే ఈ పద్ధతి అర్థాన్ని గుర్తు చేస్తుందే కానీ సరైన ఉచ్చారణ నేర్పదు. అది విని నేర్చుకోవలసిందే.

నిద్రపోని స్లీపర్, చంపిన ఉక్కు

చరోదాలో ఇంగ్లీషు నేర్వడానికి జోకుల పుస్తకం కొనక్కర్లేదు. రైలు పట్టాల దగ్గరా, కొలిమి దగ్గరా కావలసినన్ని దొరుకుతాయి. ‘స్లీపర్’ అంటే నిద్రపోయే మనిషి. ప్రయాణికుడికి అది పడుకునే బోగీ. ట్రాక్ మీద పనిచేసేవారికి మాత్రం పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మె. రైళ్ల బరువంతా మోస్తూ ఒక్క క్షణం కూడా కునుకు తీయని దానికి స్లీపర్ అని పేరు! ‘బ్యాంకర్’ అంటే బ్యాంకు మనిషి. రైల్వేలో అయితే ఎత్తు ఎక్కలేని బండిని వెనక నుంచి నెట్టే ఇంజను.

ఇలా రెండర్థాలున్న మాట వినగానే మెదడులో ఏమవుతుంది? 1979లో డేవిడ్ స్విన్నీ చేసిన ప్రయోగాల్లో, సందర్భం ఒక అర్థాన్నే సూచిస్తున్నా మొదట రెండు అర్థాలూ మేల్కొంటాయని, కొద్దిసేపట్లోనే పనికిరానిది పక్కకు తప్పుకుంటుందని తేలింది. శ్లేషతో చేసే జోకు ఆ రెండో అర్థాన్ని మళ్లీ ముందుకు లాగుతుంది. ఒకే మాటను రెండు దారుల్లో తలచుకున్నాం కాబట్టి మళ్లీ వెతికినప్పుడు అది దొరకడం తేలిక.

ఉక్కు పరిశ్రమలో ‘కిల్డ్ స్టీల్’ అని ఒకటుంది. అంటే చంపిన ఉక్కు. కరిగిన ఉక్కులో ఆక్సిజన్ కరిగి ఉంటుంది. ఉక్కు చల్లబడేటప్పుడు ఆ ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ వాయువు అవుతుంది. దాంతో ఉక్కు బుడగలు బుడగలుగా ఉడుకుతుంది. ముందే అల్యూమినియమో సిలికానో కలిపితే అవి ఆక్సిజన్‌ను పట్టేసుకుంటాయి. ఉక్కు చప్పుడు చేయకుండా గడ్డకడుతుంది. అందుకే దాన్ని ‘చంపినట్టు’. అలాగే ‘పిగ్ ఐరన్’. పూర్వం కరిగిన ఇనుమును ఇసుకలో చేసిన పెద్ద కాలువలోంచి పక్కనున్న చిన్న అచ్చుల్లోకి వదిలేవారు. చూడటానికి తల్లి పంది దగ్గర పాలు తాగుతున్న పిల్లల వరుసలా ఉండేది కాబట్టి ఆ పేరు. ఈ రెండు కథలూ విన్నాక మాటతో పాటు కొంత లోహశాస్త్రం కూడా తలకెక్కుతుంది.

సాయంత్రానికి కప్పగా మారే గుమాస్తా

ఆఫీసు ఇంగ్లీషుకూ ఇదే సూత్రం. మన దేశంలో ‘ఐ విల్ రివర్ట్ బై ఈవినింగ్’ అని రాస్తే సాయంత్రానికి జవాబిస్తానని అర్థం. ఇతర దేశాల్లో చాలామందికి మాత్రం రివర్ట్ అంటే మునుపటి స్థితికి తిరిగి వెళ్లడం. అలాంటివారికి ఈ వాక్యం, కథలో రాకుమారుడు మళ్లీ కప్పగా మారినట్టు, గుమాస్తా సాయంత్రానికి ఇంకేదో అయిపోతాడన్నట్టు వినిపించవచ్చు. ఈ కప్పను ఒకసారి ఊహించుకుంటే బయటి దేశాలకు రాసే ఉత్తరంలో ‘రిప్లై’ అన్న మాట తనంతట తానే గుర్తొస్తుంది. మనవాళ్ల మధ్య ‘రివర్ట్’ తప్పేమీ కాదు. ఎవరికి రాస్తున్నామన్నదే ముఖ్యం.

ఎవరి మీద నవ్వు?

అయితే పాఠమంతా జోకులే అయితే లాభం లేదు. 1994లో స్టీఫెన్ ష్మిట్ చేసిన ప్రయోగాల్లో, మామూలు వాక్యాల మధ్య వచ్చిన హాస్య వాక్యాలు బాగా గుర్తున్నాయి. అన్నీ హాస్య వాక్యాలే ఇచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు. పైగా కలిపి ఇచ్చినప్పుడు హాస్య వాక్యాలు పక్కనున్న మామూలు వాక్యాలను మరుగున పడేశాయి. కాబట్టి ఏది గుర్తుండాలో దాని మీదే జోకు ఉండాలి. పాఠానికి సంబంధం లేని జోకు వేస్తే చివరికి జోకే గుర్తుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, జోకు మాట మీద ఉండాలి, మనిషి మీద కాదు. పరాయి భాష తరగతిలో కలిగే భయాన్ని కొలవడానికి 1986లో ఎలేన్ హార్విట్జ్ బృందం 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేసింది. ఇతరులు నవ్వుతారేమోనన్న బెరుకు కూడా అందులో ఒక అంశం. మాట్లాడేటప్పుడు పదాన్ని, వరుసను, కాలాన్ని మనసులో పట్టుకుని కూర్చుకోవాలి. ఆ జాగా చిన్నది. అందులో సగం భయమే ఆక్రమిస్తే తెలిసిన మాట కూడా నోటికి రాదు. చరోదా అమ్మాయి ‘కోల్డ్ డిడ్ టు మీ’ అన్నప్పుడు పక్కవాళ్లు ఆమెను చూసి నవ్వితే ఆమె ఇక నోరు తెరవదు. ‘మరి ఇంగ్లీషువాళ్లు జలుబును తరిమి పట్టుకుంటారట’ అని ఆమెతో కలిసి నవ్వితే రెండు భాషలూ ఆమెకు దగ్గరవుతాయి.

ఇంట్లో చేసి చూడదగ్గ పని ఒకటుంది. రోజుకు ఐదు కొత్త మాటలు తీసుకోండి. వాటిలో అన్నిటికన్నా మొండిదానికి మాత్రం ఒక నవ్వొచ్చే బొమ్మ కట్టండి. మర్నాడు, మూడో రోజు, వారానికి పుస్తకం మూసి గుర్తుచేసుకోండి. మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఇలా గుర్తుచేసుకోవడమే ఎక్కువ కాలం నిలుస్తుందని 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చూపించారు. నవ్వు మాటను లోపలికి తెస్తుంది. దాన్ని అక్కడ నిలబెట్టేది సాధనే. ఆ సాధన చేస్తున్న పిల్ల తప్పు మాట్లాడినప్పుడు, ముందు ఆమె వాక్యం పూర్తి చేయనివ్వండి. తరువాత అందరూ కలిసి జలుబును చూసి నవ్వండి.