ఎంజీబీ వెనక షాక్ అబ్జార్బర్లు మార్చాలా? అప్‌గ్రేడ్‌కి ముందు ఇవి చూడండి

నాలుగేళ్లు వాడిన ఫోన్ పక్కన కొత్త ఫోన్ పెట్టి "బ్యాటరీ అదిరింది" అని రివ్యూ రాస్తే మీరు ఒప్పుకోరు. పాతదానికి కొత్త బ్యాటరీ వేసి చూశారా అని అడుగుతారు. క్లాసిక్ కార్ల సస్పెన్షన్ అప్‌గ్రేడ్ గురించి నేను అడిగేదీ అదే. ఉదాహరణకి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీని తీసుకుంటున్నాను. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైంది. దీనికి వెనక షాకులు మార్చే కిట్లు ఇప్పటికీ దొరుకుతాయి.

లోపల ఏముంది?

వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు, దానికి లీఫ్ స్ప్రింగులు. లారీల కింద కనిపించే కమాన్ల లాంటివే. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగ్ నొక్కుకుని, మళ్లీ తిరిగి తన్నుతుంది. అడ్డు లేకపోతే కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆయిల్ సాయంతో వేడిగా మార్చేసేది షాక్ అబ్జార్బర్.

ఎంజీబీలో ఉన్నది మనం బైకుల్లో చూసే గొట్టం లాంటి టెలిస్కోపిక్ టైపు కాదు, లివర్ ఆర్మ్ టైపు. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన బాడీ, దాన్నుంచి బయటికొచ్చే ఒక లివర్, దాన్ని ఇరుసుకి కలిపే లింక్. ఇరుసు కదిలితే లివర్ తిరుగుతుంది, లోపలి పిస్టన్లు ఆయిల్‌ని వాల్వ్ గుండా తోస్తాయి.

టెలిస్కోపిక్‌లో పిస్టన్ దాదాపు ఇరుసు కదిలినంత దూరం కదులుతుంది. లివర్ టైపులో కొంచెమే కదులుతుంది. కాబట్టి అదే పనికి ప్రెజర్ చాలా ఎక్కువ కావాలి, ఆయిలేమో తక్కువ. గతుకుల రోడ్డుపై ఎక్కువసేపు వేగంగా వెళ్తే ఆయిల్ వేడెక్కి పల్చబడుతుంది, పట్టు తగ్గుతుంది.

ముందు పాతవాటిని టెస్ట్ చేయండి

లింక్ విప్పి లివర్‌ని చేత్తో పైకీ కిందికీ కదపండి. రెండు వైపులా బరువుగా కదలాలి. మధ్యలో ఎక్కడైనా వదులుగా జారితే ఆయిల్ తగ్గినట్టో, లోపల అరిగినట్టో. ఆయిల్ పోసుకునే ప్లగ్ పైనే ఉంటుంది. బాడీ బయట తడి కనిపిస్తే సీల్ పోయినట్టే, అప్పుడు ఆయిల్ పోసినా నిలవదు, రీబిల్డ్ చేయించాలి. స్ప్రింగులు కుంగాయా, రబ్బరు బుష్‌లు చితికాయా అనేది కూడా ఇప్పుడే చూడండి. అవి పాడైతే ఎంత ఖరీదైన షాక్ వేసినా లాభం లేదు.

కన్వర్షన్‌లో చూసుకోవాల్సినవి

ముందువైపు లివరే సస్పెన్షన్ పై ఆర్మ్‌గా కూడా పని చేస్తుంది కాబట్టి అక్కడ మార్చడం పెద్ద పని. వెనక ఆ గొడవ లేదు. పాత షాక్ ఉన్న రంధ్రాలకే బ్రాకెట్ బిగించుకునే కిట్లు ఉన్నాయి. వెల్డింగ్ అక్కర్లేదు, కావాలంటే మళ్లీ ఒరిజినల్‌కి వెళ్లొచ్చు.

మూడు విషయాలు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి, 1974 చివర్లో రబ్బర్ బంపర్లు వచ్చినప్పుడు కారు ఎత్తు పెంచారు, అందుకే మీ మోడల్‌కి సరిపోయే పొడవే తీసుకోండి. రెండు, ఇరుసు పూర్తిగా పైకి వెళ్తే ముందు బంప్ రబ్బర్ తగలాలి, పూర్తిగా కిందికి దిగితే ముందు స్ట్రాప్ బిగుసుకోవాలి. షాక్ అంతకంటే ముందే చివరికొస్తే బ్రాకెట్ విరగొచ్చు. మూడు, జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

గట్టిగా ఉంటే స్పోర్టీనా?

కాదు. వెనక ఇరుసు బరువైనది. అడ్జస్టబుల్ షాకుల్ని మరీ గట్టిగా పెడితే గతుకుల్లో టైరు రోడ్డుని వదిలి ఎగురుతుంది. మలుపులో అలా జరిగితే వెనకభాగం పక్కకి జారుతుంది. నేనైతే బాగా మెత్తటి సెట్టింగ్‌తో మొదలుపెట్టి, రెండు వైపులా సమానంగా ఒక్కో మెట్టు పెంచుతూ ఒకే రోడ్డు మీద నడిపి చూడమంటాను. ఊగడం ఆగిన చోట ఆపేయండి.

నా మాట

వీకెండ్‌లో సరదాగా తిప్పే కారైతే మంచి రీబిల్డ్ చాలు, ఒరిజినాలిటీ కూడా మిగులుతుంది. దూర ప్రయాణాలు, గతుకుల రోడ్లు, ట్రాక్ డేలు ఉంటే టెలిస్కోపిక్‌కి పెట్టే డబ్బు దండగ కాదు. వేడిని బాగా తట్టుకుంటుంది, సెట్టింగ్ మీ చేతిలో ఉంటుంది.