పాత స్టీరియోకు ‘బ్రిడ్జి’: సబ్‌వూఫర్ మోగుతుందా, సెట్టు కాలుతుందా?

తొండుపల్లి: గల్ఫ్‌కు వెళ్లివచ్చిన వారు తెచ్చుకున్న శాన్‌సూయి, పయనీర్ సెట్లు, మన దేశంలోనే తయారైన కాస్మిక్, సోనోడైన్ స్టీరియో యాంప్లిఫయర్లు 1980లలో ఇంటికి ఒక హోదా. క్యాసెట్లు పోయాయి, క్యాసెట్ల దుకాణాలూ పోయాయి. బరువైన ఆ ఇనుప పెట్టెలు మాత్రం కొన్ని ఇళ్లలో అటకల మీద ఉండిపోయాయి. వాటిని దింపి, దుమ్ము దులిపి, టీవీకో సెల్‌ఫోనుకో తగిలిస్తే పాట బాగానే వస్తుంది. డప్పు దెబ్బ మాత్రం గుండెకు తగలదు. అక్కడే సబ్‌వూఫర్ మీదికి మనసు పోతుంది.

సబ్‌వూఫర్ అంటే బరువైన, లోతైన ధ్వనులకే కేటాయించిన పెద్ద స్పీకరు. సెకనుకు సుమారు 20 నుంచి 100 సార్లు కంపించే ధ్వనులు దాని వంతు. తొండుపల్లి పరిసరాల వారికి ఇది వేరే వివరించనక్కరలేదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి, దూరాన విమానం లేచినప్పుడు వినవచ్చే గుమగుమ ఈ కోవలోదే. ఆ ధ్వని పుట్టాలంటే స్పీకరు చాలా గాలిని నెట్టాలి. అందుకు పవరు కావాలి. పాత సెట్టులో చానెల్‌కు 30 వాట్లుంటే అదే గొప్ప. కాబట్టి ‘రెండు చానెళ్లనూ బ్రిడ్జి చేసెయ్’ అనే సలహా వస్తుంది.

సలహా తప్పు కాదు. చేసే తీరులోనే ప్రమాదం ఉంది. బ్రిడ్జి అంటే రెండు ఎర్ర తీగలను కలిపి మెలిపెట్టడమని కొందరి భ్రమ. అలా చేస్తే ఒక చానెల్ కరెంటు మరో చానెల్‌లోకి ఎదురు తన్నుతుంది. పాట పూర్తికాక ముందే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు.

పెద్ద దుంగను కోసే రంపాన్ని తలచుకోండి. ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు. ఒకరు లాగుతుంటే రెండోవారు నెట్టాలి. ఇద్దరూ ఒకేసారి తమ తమ వైపు లాగితే రంపం కదలదు. బ్రిడ్జి కూడా ఇంతే. ఒక చానెల్‌కు పాటను ఉన్నదున్నట్టుగా, రెండోదానికి తిరగేసి పంపాలి. సబ్‌వూఫర్‌ను రెండు ఎర్ర టెర్మినళ్ల మధ్య తగిలించాలి. నల్లవాటిని ముట్టుకోకూడదు. పాటను తిరగేసే పనికి టీఎల్ 072 వంటి చిన్న ఐసీతో చేసిన బోర్డు చాలు. 80 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులను ఆపే ఫిల్టరునూ అందులోనే అమర్చవచ్చు. కొన్ని యాంప్లిఫయర్లకు వెనకవైపు బ్రిడ్జి స్విచ్చి ఉంటుంది. ముందువైపు ఉండే ‘మోనో’ బటను అది కాదు.

ఇక లెక్క చూద్దాం. 8 ఓంల స్పీకరుకు 30 వాట్లిచ్చే చానెల్ దగ్గర వోల్టేజి సుమారు 15.5. బ్రిడ్జి చేస్తే 31. వోల్టేజి రెట్టింపైతే పవరు నాలుగింతలు, అంటే 120 వాట్లు. కాగితం మీద ఎంత సొంపుగా ఉందో! కరెంటు కూడా 2 ఆంపియర్ల నుంచి 4కు పెరుగుతుంది. 8 ఓంల సబ్‌వూఫర్ ఒక్కో చానెల్‌కు 4 ఓంలదిగా కనబడుతుంది. 60 వాట్లకు లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు 120 ఎక్కడి నుంచి తెస్తుంది? అది వేడెక్కుతుంది, వోల్టేజి కుంగుతుంది. చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే.

అందుకే సెట్టు వెనక రాసినది ముందు చదవాలి. కనీసం 4 ఓంలని ఉంటే 8 ఓంల సబ్‌వూఫర్ పెట్టవచ్చు. కనీసం 8 ఓంలని ఉంటే 16 ఓంలకు తగ్గకూడదు. కార్లలో వాడే 4 ఓంల సబ్‌వూఫర్‌ను బ్రిడ్జికి తగిలిస్తే ఒక్కో చానెల్ మీద 2 ఓంల భారం పడుతుంది. పాత సెట్లలో చాలావాటికి అది ప్రాణాంతకం.

నిజానికి బెంగుళూరు రోడ్డు మీద పరుగెత్తే కార్లలోని స్టీరియోలు దాదాపు అన్నీ బ్రిడ్జివే. బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి కంపెనీ వాళ్లు ఆ దారి పట్టారు. టీడీఏ 2005 అనే ఐసీని ఆ పని కోసమే తయారు చేశారు. కాకపోతే అక్కడ ట్రాన్సిస్టర్లు, వేడి లాగే రేకు, అన్నీ ఆ భారానికి తగినట్టే ఉంటాయి. అటక మీది సెట్టును అలా తయారు చేయలేదు.

నలభై ఏళ్ల సెట్టును ముందు పరీక్షించాలి. మెకానిక్కుల దగ్గర సీరీస్ బల్బు బోర్డు ఉంటుంది. స్పీకర్లు తీసేసి, 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు మీదుగా కరెంటివ్వాలి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరి. వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. తర్వాత పాట లేకుండా స్పీకరు టెర్మినళ్ల దగ్గర మీటరుతో డీసీ చూడాలి. 100 మిల్లీవోల్టులు దాటితే ముందు మరమ్మతు చేయించాలి. ప్లగ్గు పీకి, నల్ల టెర్మినళ్లు రెండూ గ్రౌండుకు కలిసి ఉన్నాయో లేదో కూడా చూడాలి. కలవని సెట్టును బ్రిడ్జి జోలికి తీసుకుపోవద్దు. చాలా పాత సెట్ల ట్రాన్సిస్టర్ల తయారీ ఆగిపోయింది. అదే నంబరు అచ్చువేసిన నకిలీలు బజారులో తిరుగుతున్నాయి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. బ్రిడ్జి చేస్తే రెండు చానెళ్లూ సబ్‌వూఫర్‌కే సరి. పాట పాడే కుడి, ఎడమ స్పీకర్లకు వేరే యాంప్లిఫయరు వెతుక్కోవాలి.

సెట్టు మీద ప్రేమ ఉన్నవారికి మరో మార్గం ఉంది. రెండు వాయిస్ కాయిళ్లున్న సబ్‌వూఫర్లు దొరుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు అడిగి చూడవచ్చు. ఒక్కో కాయిల్‌ను ఒక్కో చానెల్‌కు, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, రెంటికీ ఒకే పాటను పంపితే చాలు. తిరగేసే బోర్డు అక్కర్లేదు. రెండు కాయిళ్లూ ఒకే కోనును నెడతాయి. కాయిల్ ఓంలు సెట్టు వెనక రాసినదానికి తగ్గకపోతే రెండు 30లు కలిసి 60 వాట్లు వస్తాయి, ట్రాన్స్‌ఫార్మరుకు అలవాటైన భారమే పడుతుంది. ఇంట్లో హాలుకు ఆ 60 వాట్లు ధారాళం.