వీడియో గేమ్ పార్లర్ల క్షీణత : దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఉదాహరణ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు నడిస్తే మీకు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెట్రో స్తంభాలు కనిపిస్తాయి. నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పార్లర్ మాత్రం దొరకడం కష్టం. ఇంతమంది విద్యార్థులున్న చోట ఆ వ్యాపారం ఎందుకు నిలవలేదు?

ముందుగా యంత్రం ఆదాయాన్ని అర్థం చేసుకోండి. గంటకు ఎన్ని నాణేలు పడతాయన్నదే దానికి ఆధారం. కొత్తవాడు త్వరగా ఓడి మళ్ళీ నాణెం వేస్తాడు. చేయి తిరిగినవాడు ఒక్క నాణెంతో చాలాసేపు ఆడతాడు, అది యజమానికి నష్టం. 1993లో కాప్‌కామ్ సంస్థ తెచ్చిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'ను ముగ్గురు కలిసి ఆడవచ్చు. ఒకే తెర, మూడు నాణేలు. మన పిల్లలు అసలు పేరును పట్టించుకోక, అందులోని ఒక పాత్ర పేరుతో దాన్ని 'ముస్తఫా' అన్నారు.

అద్దె, కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి. ఆట ధర పెంచితే పిల్లలు రారు. ఈలోగా ఇళ్ళలోకి ప్లేస్టేషన్, నెట్ సెంటర్లలోకి 'కౌంటర్ స్ట్రైక్' వచ్చాయి. 2016 తరువాత మొబైల్ డేటా చౌకైంది. 2018లో 'పబ్జి మొబైల్' వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్రం దానిని నిషేధించినా ఆటగాళ్ళు ఫోన్‌లోనే వేరే ఆటకు మళ్ళారు గాని పార్లర్‌కు తిరిగి రాలేదు.

ఇప్పుడు మాల్‌లోని గేమ్ జోన్‌ను గమనించండి. డ్యాషింగ్ కార్లు, ఎయిర్ హాకీ, బాస్కెట్‌బాల్, స్టీరింగ్ తిప్పే కారు పందెం ఇంకా జనాన్ని రప్పిస్తున్నాయి. శరీరం కదలడం, ఎదురుగా మనిషి ఉండడం ఫోన్ ఇవ్వలేనివి. అయితే కార్డు రీఛార్జి చేసేది తల్లిదండ్రులు. ఇరుకు గదిలో నాలుగు యంత్రాలతో బతికిన చిన్న యజమానికి డ్యాషింగ్ కార్లు తిరిగేంత చోటు ఎక్కడిది?

అభ్యాసం: మీ పరిసరాల్లో ఒకప్పుడు పార్లర్ నడిచిన గదిలో ఇప్పుడు ఏ వ్యాపారం ఉందో విచారించి, ఆ మార్పుకు కారణాలను అయిదు వాక్యాల్లో రాయండి.