కొండవాలును పట్టి నిలిపే ఉక్కు కడ్డీలకు తుప్పు నుంచి రక్షణ

వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడుట తెలుగు ప్రజలకు కొత్త సంగతి కాదు. 2020 అక్టోబరులో విజయవాడ ఇంద్రకీలాద్రిపైన, 2021 డిసెంబరులో తిరుమల రెండవ ఘాట్ రోడ్డుపైన బండరాళ్లు జారిపడిన సంఘటనలు విదితమే. ఇటువంటి వాలులను నిలుపుటకు ఇంజనీర్లు అనుసరించే పద్ధతులలో గ్రౌండ్ యాంకర్ల అమరిక ఒకటి. గట్టి రాయి తగిలే వరకు రంధ్రం తొలిచి, అధిక బలం గల ఉక్కు కడ్డీని అందులోకి దింపి, దాని లోపలి కొనను సిమెంటు పాలతో రాతికి అతికిస్తారు. పై కొనను జాకీతో లాగి, ఉక్కు పలకపై నట్టుతో బిగిస్తారు. లోతైన పునాది గోతుల పక్క గోడలకు, రేవు గోడలకు, పాత ఆనకట్టల పటిష్ఠతకు కూడ ఈ విధానమే ఉపయోగపడుచున్నది.

ఈ కడ్డీల శక్తి సామాన్యమైనది కాదు. 32 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక్క కడ్డీ సుమారు 86 టన్నుల లాగుడు వరకు తెగకుండ నిలువగలదు. అయితే శత్రువు కంటికి కనిపించదు. ఇంటి స్లాబులోని ఊచ తుప్పు పట్టినచో పెచ్చులూడి ముందుగానే హెచ్చరిక లభించును. భూమిలోని కడ్డీ విషయంలో అట్టి హెచ్చరిక ఉండదు. నిరంతరం లాగుడులో ఉన్న అధిక బలం గల ఉక్కు అంతటా సన్నబడవలసిన పని లేదు. తుప్పు తొలిచిన చిన్న గుంట వద్ద పగులు మొదలై, కడ్డీ ఒక్కసారిగా తెగిపోవచ్చును. తుప్పు చర్యలో పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దానిని పెళుసుబారునట్లు చేయుట కూడ కలదు.

సిమెంటు పాలు పోసిన తరువాత ఇక భయమెందుకన్న ప్రశ్న సహజమే. సిమెంటులోని క్షారగుణం ఉక్కుపై పలుచని రక్షణ పొరను ఏర్పరచుట నిజమే. కాని కడ్డీ లాగుడుకు సాగినప్పుడు చుట్టూ ఉన్న గ్రౌట్ సన్నగా పగులును. ఆ పగుళ్ల గుండా నీరు, తీర ప్రాంతాలలో ఉప్పు లోనికి చేరి ఆ పొరను ఛేదించును. అందువలననే శాశ్వత యాంకర్లకు గ్రౌట్ ఒక్కటే చాలదని, రెండు అంచెల రక్షణ అవసరమని నిపుణులు నిర్ణయించినారు.

దీని ప్రకారం రాతికి అతికే భాగంలో కడ్డీని ముడుతలు గల ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, లోపలి ఖాళీని కర్మాగారంలోనే గ్రౌట్‌తో నింపుతారు. తొడుగు లోపలి పగుళ్లు 0.1 మిల్లీమీటరు మించరాదని ఐరోపా ప్రమాణం నిర్దేశిస్తున్నది. స్వేచ్ఛగా సాగవలసిన మధ్య భాగానికి గ్రీజు లేదా మైనం పూసి నునుపైన తొడుగు వేస్తారు. జింకు పూత ఉంటే చాలునన్న అభిప్రాయం కొందరిలో కలదు. అధిక బలం గల ఉక్కు విషయంలో ఇది జాగ్రత్తగా చూడవలసిన మాట. పూతకు ముందు చేసే ఆమ్ల శుద్ధిలోనే హైడ్రోజన్ ఉక్కులోకి చేరే అవకాశం ఉన్నది. ఈ కడ్డీలపై వెల్డింగ్ నిప్పురవ్వ పడుట కూడ ప్రమాదకరమే.

లోతున ఉన్న కొననే తుప్పు ముందుగా తినివేయునని ఎవరైనా ఊహింతురు. అనుభవం అందుకు భిన్నంగా ఉన్నది. అంతర్జాతీయ ప్రీస్ట్రెస్సింగ్ సమాఖ్య 1986లో వెలువరించిన నివేదికలో తుప్పు వలన యాంకర్లు విఫలమైన 35 ఉదంతాలను పరిశీలించగా, 19 ఉదంతాలలో లోపం పై కొన వద్ద, లేదా దానికి మీటరు దూరం లోపలనే కనిపించినది. రాతికి అతికిన భాగంలో విఫలమైనవి రెండు మాత్రమే. కారణం సులభగ్రాహ్యమే. గ్రౌట్ గట్టిపడుచు కొంత దిగువకు దిగును; ఉక్కు పలక కింద జానెడు ఖాళీ మిగిలి, అందులో వాన నీరు నిలుచును. తొడుగు పలకను తాకక ముందే ముగిసినచో ఆ జానెడు మేర కడ్డీకి ఏ రక్షణ లేనట్లే. ఈ లోపం నివారణకు పలకకు గొట్టం అతికించి, అది తొడుగుపైకి దిగునట్లు చేసి, ఖాళీని గ్రీజుతో గాని, రెండవసారి గ్రౌట్‌తో గాని నింపవలెను. నట్టుపై గ్రీజు నింపిన టోపీ బిగించవలెను. పని ముగింపు దశలో తొందరపాటు వలన నిర్లక్ష్యానికి గురయ్యే భాగం ఇదే.

1934లో అల్జీరియాలోని షెర్ఫా ఆనకట్టను ఫ్రెంచి ఇంజనీరు ఆండ్రె కోయిన్ ఒక్కొక్కటి 1,000 టన్నుల శక్తి గల యాంకర్లతో పటిష్ఠపరచినారు. ఆనకట్టలకు యాంకర్లు వాడుటలో అది ప్రపంచానికి మార్గదర్శకమైన పని. అయినను మూడు దశాబ్దాల తరువాత తుప్పు కారణంగా అక్కడ కొత్త యాంకర్లు అమర్చవలసి వచ్చినది.

తొడుగు చిరగనిదీ లేనిదీ భూమిని తవ్వకుండనే తెలుసుకొనవచ్చును. కడ్డీకి, నేలకు మధ్య విద్యుత్ నిరోధాన్ని కొలిచినప్పుడు అది 0.1 మెగా ఓమ్‌కు తగ్గకున్నచో తొడుగు భద్రంగా ఉన్నట్లు భావింతురు. తరువాతి కాలంలో జాకీతో నట్టును స్వల్పంగా పైకి లేపి, మిగిలి ఉన్న లాగుడును సరిచూచుట ఆనవాయితీ. మన దేశంలో రాతి యాంకర్ల రూపకల్పనకు ఐ.ఎస్. 10270 మార్గదర్శకాలు 1982లోనే వెలువడినవి.

తాత్కాలిక యాంకర్ల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. రెండేళ్ల లోపు అవసరానికి అమర్చే వీటికి రక్షణ తక్కువగా ఉండును. పునాది గోతి తవ్విన తరువాత పని నిలిచిపోయి ఏళ్లు గడిచినచో, పక్క ఇళ్లకు ఆధారంగా ఉన్నవి ఆ కడ్డీలే అగును. పని తిరిగి ప్రారంభించుటకు ముందు వాటి లాగుడును కొలిపించి, అవసరమైనచో కొత్త యాంకర్లు వేయించు బాధ్యత నిర్మాణదారులపై ఉన్నది.