అది ఎలుక కాదు, చుంచు! – పళ్ళు చూసి పోల్చుకుందాం

వాన మొదలైందంటే చాలు, ఉన్ వైపు ఉండే మా క్వార్టర్లలో ఏదో ఒక ఇంటి నుంచి కేక వినబడుతుంది. ఆ రోజు కేక పక్క బ్లాకు నుంచి వచ్చింది. మేము పరుగెత్తుకు వెళ్ళేసరికి మెట్ల కింద గోడవారగా బూడిదరంగు జంతువొకటి కీచుకీచుమంటూ పోతోంది. "ఎలుక! కొట్టండి!" అన్నారొకరు. "ఎలుక కాదమ్మా, చుంచు. కంపు తెలియడం లేదూ?" అంది విజయవాడ నుంచి బదిలీ అయి వచ్చిన పిన్నిగారు. కింది వాటాలోని గుజరాతీ మాసీ "ఛఛుందర్" అంది. ఇంతలో ఎవరి చేతిలోనిదో కర్ర పడనే పడింది.

మర్నాడు బడిలో మా మధ్య పెద్ద వాదన జరిగింది. చచ్చింది ఎలుకా, చుంచా? రెండూ ఒకటేనని కొందరు, కాదని కొందరు. చివరికి జీవశాస్త్రం టీచరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ప్రయోగశాల బీరువాలోంచి దూది పరిచిన రెండు చిన్న డబ్బాలు తీసి మా ముందు పెట్టారు. ఒక్కోదానిలో ఒక్కో పుర్రె ఉంది. "వాదించుకోవడం ఎందుకు? వీటినే అడగండి" అన్నారు. ఆ పుర్రెలు మాకు చెప్పిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాం.

పేర్లతోనే వచ్చిన తికమక

గుజరాతీలో ఎలుకను 'ఉందర్' అంటారు, చుంచును 'ఛఛుందర్' అంటారు. రెండు మాటలూ దగ్గరగా వినిపిస్తాయి. తెలుగులోనూ మనం చుంచును 'చుంచెలుక' అంటాం, అంటే ఎలుకల్లో చేర్చేశామన్నమాట. తమిళనాడులో చదివి వచ్చిన మా స్నేహితురాలు ఇంకో సంగతి చెప్పింది. అక్కడ వినాయకుడి వాహనాన్ని 'మూంజూరు' అంటారట. ఆ మాటకు చుంచు అని అర్థం. హిందీలో, పాము నోట చిక్కిన ఛఛూందర్ అని ఒక సామెత ఉంది. మింగనూ లేక, కక్కనూ లేక పడే అవస్థను అలా చెబుతారు. మనవాళ్ళు మూతి సన్నగా ఉన్నవాణ్ణి 'చుంచు మొహం' అని ఏడిపిస్తారు. ఇన్ని భాషల్లో పేరున్నా ఇది ఎలుక కాదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఎలుక, పందికొక్కు, ఉడుత కొరికే జంతువుల వర్గానికి చెందినవి. చుంచు వర్గం వేరు. దాని శాస్త్రీయ నామం సంకస్ మ్యూరినస్. ముళ్ళపంది అని కొందరు పొరబాటుగా పిలిచే, బంతిలా చుట్టుకునే హెడ్జ్‌హాగ్, నేలలో సొరంగాలు తవ్వే మోల్ దానికి దగ్గర చుట్టాలు. ఈ వర్గాన్ని ఇప్పుడు యూలిపోటిఫ్లా అంటున్నారు. పాత పుస్తకాల్లో 'కీటకాహారులు' అని ఉంటుంది.

మొదటి మెట్టు: ఎలుకా, చుంచా?

రెండు పుర్రెలనూ పక్కపక్కన పెడితే భూతద్దం లేకుండానే తేడా తెలిసిపోతుంది.

ఎలుక పుర్రెలో ముందు వైపు పైన రెండు, కింద రెండు ఉలి లాంటి పళ్ళు ఉంటాయి. ఇవే కుంతకాలు. వాటి ముందు భాగం పసుపు, నారింజ కలిసిన రంగులో ఉంటుంది. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఎలుక ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. వాటి వెనక చాలా దూరం ఖాళీ చిగురే. ఆ తరువాత ఒక్కో పక్క మూడేసి చర్వణకాలు, అంటే నమిలే పళ్ళు. ఒక్కో దవడ సగంలో నాలుగు పళ్ళు, నాలుగు సగాలకు కలిపి 16. అంతే.

చుంచు పుర్రెలో అలాంటి ఖాళీ లేదు. ముందు నుంచి వెనక దాకా పళ్ళు వరసగా ఉంటాయి. పైదవడ మొదటి పన్ను కిందికి కొక్కెంలా వంగి ఉంటుంది, దాని వెనక చిన్న మొన ఇంకొకటి ఉంటుంది. కిందిదవడ మొదటి పన్ను పొడవుగా ముందుకు చాచుకుని ఉంటుంది. రెండూ కలిస్తే పట్టకారులా పనిచేస్తాయి. బొద్దింకనో, ఇలకోడినో చటుక్కున పట్టడానికి ఇంతకంటే మంచి పనిముట్టు ఏముంటుంది? వెనక ఉన్న చర్వణకాల మీద ఇంగ్లీషు 'డబ్ల్యూ' అక్షరం ఆకారంలో పదునైన గట్లు ఉంటాయి. పురుగుల గట్టి పెంకును కత్తిరించేవి అవే.

ఇంకో గుర్తు కూడా ఉంది. మీ కంటి కింద చెంప మీద వేలు పెట్టి చెవి వైపు జరపండి. గట్టి ఎముక తగులుతుంది కదా? ఎలుకకు కూడా ఆ చెంప ఎముక వంతెనలా ఉంటుంది. చుంచుకు ఆ వంతెన పూర్తిగా ఉండదు. అందుకే దాని పుర్రెను పై నుంచి చూస్తే సన్నగా, మేకులా కనిపిస్తుంది. ఎలుక పుర్రె అడుగున చెవుల దగ్గర బుడగల్లా ఉబ్బిన ఎముకలు ఉంటాయి. చుంచుకు అవీ ఉండవు.

రెండో మెట్టు: ఏ చుంచు?

చుంచుల్లో కూడా చాలా రకాలు ఉన్నాయి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి: పొడవు మూతి, చిన్న కళ్ళు, మఖమల్ లాంటి బొచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు నోరు తెరిచి చూస్తారు.

ముందుగా పళ్ళ రంగు చూడాలి. కొన్ని చుంచుల పళ్ళ మొనలు ఎర్రగా ఉంటాయి. ఆ రంగు రక్తం వల్ల వచ్చింది కాదు, పంటి పింగాణీ పొరలోని ఇనుము వల్ల వచ్చింది. ఇనుము ఉంటే పన్ను త్వరగా అరగదు. ఇలాంటి ఎర్రపళ్ళ చుంచులు మన దేశంలో హిమాలయాల వంటి చల్లని చోట్ల ఉంటాయి. సూరత్‌లో మన ఇళ్ళలో తిరిగేది తెల్లపళ్ళ చుంచు.

తరువాత లెక్క. పైదవడలో కొక్కెం పన్నుకూ, వెనక ఉన్న పెద్ద పళ్ళకూ మధ్య ఒక్కొక్క మొనే ఉన్న చిన్న పళ్ళు వరసగా ఉంటాయి. వాటిని మనం ఒంటిమొన పళ్ళు అని పిలుద్దాం. ఒక పక్కన ఇవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.

మూడు ఉంటే అది క్రోసిడ్యూరా ప్రజాతి. మొత్తం పళ్ళు 28.

నాలుగు ఉంటే అది సంకస్ ప్రజాతి. మొత్తం పళ్ళు 30. మన ఇంటి చుంచు ఇదే.

అయిదు ఉండి, మొనలు ఎర్రగా ఉంటే సోరెక్స్ ప్రజాతి కావచ్చు. దాని మొత్తం పళ్ళు 32.

లెక్క సరిచూద్దాం. సంకస్‌కు పైదవడ ఒక పక్కన కొక్కెం పన్ను ఒకటి, ఒంటిమొన పళ్ళు నాలుగు, అగ్రచర్వణకం ఒకటి, చర్వణకాలు మూడు, మొత్తం తొమ్మిది. కిందిదవడ ఒక పక్కన ఆరు. తొమ్మిదీ ఆరూ పదిహేను. రెండు పక్కలా కలిపి ముప్పై. సరిపోయింది!

ఇక్కడే మేము ఒక తప్పు చేశాం. మొదటిసారి మాకు మూడే కనిపించాయి. "క్రోసిడ్యూరా!" అని అరిచేశాం. టీచరు నవ్వి, పుర్రెను కొంచెం తిప్పి భూతద్దం పెట్టారు. నాలుగోది మిగతావాటికంటే చాలా చిన్నది, పెద్ద పన్ను పక్కన నక్కి ఉంది. అందుకే రెండు పక్కలా, వెలుతురులో, భూతద్దంతో లెక్కపెట్టాలి. ఒకసారి చూసి పేరు పెట్టేయకూడదు.

మూడో మెట్టు: కొలత

ఒంటిమొన పళ్ళు ప్రజాతిని చెబుతాయి. జాతి తెలియాలంటే పుర్రెను కొలవాలి. సంకస్ ప్రజాతిలోనే మన ఇంటి చుంచు ఉంది, ఎట్రుస్కన్ చుంచు కూడా ఉంది. ఇంటి చుంచు పుర్రె మూడు సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఎట్రుస్కన్ చుంచు పుర్రె సెంటీమీటరు దాటి కొద్దిగా ఉంటుంది, చిటికెనవేలి గోరంత. దాని బరువు సుమారు 2 గ్రాములు. బరువులో ప్రపంచంలోని క్షీరదాలన్నిటిలోకీ చిన్నది అదే. పాలో సావి అనే శాస్త్రవేత్త 1822లో ఇటలీ నుంచి దాన్ని వర్ణించాడు. అది మన దేశంలో కూడా ఉంది. ఈ రెండింటికీ మధ్య సైజులో అండర్సన్ చుంచు ఉంది. దాన్ని బొంబాయి నమూనాను చూసి 1877లో వర్ణించారు.

చిన్న పుర్రె కనిపిస్తే అది పిల్ల చుంచుదేమో అన్న అనుమానం మాకు వచ్చింది. దానికీ పళ్ళే జవాబు చెబుతాయి. చుంచుకు పాలపళ్ళు పుట్టకముందే పోతాయి. ఉన్న పళ్ళు అరిగిపోతే మళ్ళీ రావు. కాబట్టి పళ్ళు పదునుగా ఉంటే వయసు తక్కువ, మొనలు అరిగి చదునుగా ఉంటే వయసు ఎక్కువ అని అంచనా వేస్తారు.

ఇదంతా పాతకాలపు పద్ధతి అనుకోకండి. అండమాన్ సముద్రంలోని నార్కొండం అనే అగ్నిపర్వత ద్వీపంలో దొరికిన ఒక తెల్లపళ్ళ చుంచును మన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 2021లో కొత్త జాతిగా ప్రకటించారు. దానికి క్రోసిడ్యూరా నార్కొండామికా అని పేరు పెట్టారు. బయటి రూపం, పుర్రె, పళ్ళు, డీఎన్‌ఏ అన్నీ చూశాకే ఆ మాట అన్నారు.

పేరులో మాత్రమే చుంచు

మన తెలుగు నేలకు చెందిన ఒక సంగతి కూడా చెప్పాలి. కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన ఒక జంతువుకు ఇంగ్లీషులో 'మద్రాస్ ట్రీ ష్రూ' అని పేరు. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించి మద్రాసుకు పంపిన వాల్టర్ ఇలియట్ పేరు మీద దాన్ని అనాథానా ఎలియోటి అన్నారు. ఉడుతలా కనిపిస్తుంది, పేరులో ష్రూ అని ఉంది. కానీ అది ఉడుతా కాదు, చుంచూ కాదు. దాని నోట్లో పళ్ళు 38. కంటి గుంట చుట్టూ ఎముక వలయం పూర్తిగా ఉంటుంది. పేరు చూసి మోసపోయినా పుర్రె చూస్తే మోసపోం.

ఇదంతా మనకెందుకు?

సూరత్‌లో ఎలుక అన్న మాట వింటే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు భయం పుట్టింది. లక్షల మంది ఊరు విడిచి వెళ్ళిపోయారు. మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళూ రైళ్ళెక్కి సొంత ఊళ్ళకు పోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కాలంలో నగరం చెత్త ఊడ్చుకుని శుభ్రమైన ఊరని పేరు తెచ్చుకుంది. ఊరిని నిలబెట్టింది చెత్త తీయడం, మురుగు పోయేలా చేయడం.

చుంచు ఎక్కువగా పురుగులను తింటుంది. వంటింటి బొద్దింకలు దానికి విందు. దాన్ని ఎలుక అనుకుని చంపితే బొద్దింకలకు మేలు చేసినట్టే. అలాగని అది పూర్తిగా నిరపాయమని కూడా అనకూడదు. దాని ఒంటి మీదా ఈగుల్లాంటి కుట్టే పురుగులు ఉంటాయి. మడగాస్కర్‌లోని మహాజంగా రేవులో వచ్చిన ప్లేగును పరిశోధించినప్పుడు అక్కడి ఇంటి చుంచులకూ ఆ జబ్బుతో సంబంధం ఉందని తేలింది. అందువల్ల చచ్చినదాన్నీ, బతికినదాన్నీ చేత్తో ముట్టుకోకూడదు. పుర్రెలు చూడాలనిపిస్తే టీచరు సమక్షంలో, చేతికి తొడుగులు వేసుకుని, బడిలో శుభ్రం చేసి ఉంచినవే చూడాలి. ఇంట్లోకి చుంచు వస్తే తలుపు తీసి, దీపం ఆర్పి, దారి ఇవ్వండి. గోడ వెంట అదే పోతుంది.

ప్రాణంతో ఉన్న చుంచు నోరు తెరిచి పళ్ళు చూపించదు కదా, మరి ఎలా పోల్చుకోవాలి? మూతి పొడవుగా, కొన తేలి ఉంటుంది. కళ్ళు ఆవగింజల్లా ఉంటాయి. తోక మొదట లావుగా ఉండి కొనకు సన్నబడుతుంది, దాని మీద అక్కడక్కడ పొడవాటి వెంట్రుకలు ఉంటాయి. పక్కల్లో ఉన్న గ్రంథుల నుంచి ఘాటైన వాసన వస్తుంది. ఈ నాలుగూ ఉంటే కర్ర పక్కన పెట్టవచ్చు.

చివరగా టీచరు చెప్పిన ఒక మాట. గూటికి ఇబ్బంది వస్తే తల్లి చుంచు పిల్లలను వేరే చోటికి తీసుకుపోతుంది. మొదటి పిల్ల తల్లి తోక మొదలును పళ్ళతో పట్టుకుంటుంది, రెండో పిల్ల మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని. అలా రైలు పెట్టెల్లా వరసగా పోతాయి. ఈ మాట విని మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా పెట్టెలు సర్దుకుని వెనకే నడిచే మనకు ఆ వరస కొత్తేం కాదు.

ఆ వాన సాయంత్రం మెట్ల కింద చచ్చింది చుంచే. పిన్నిగారి మాటే నిజమైంది. మొన్న మళ్ళీ ఒకటి వచ్చింది. ఈసారి మేమే ముందుకు వెళ్ళి "ఆగండి, ఎలుక కాదు!" అన్నాం. మాసీ తలుపు తీసింది. అది గోడవారగా కాలువ వైపు వెళ్ళిపోయింది.