పాడిపశువులు - గోమార్లు

గౌతమీతీరమందలి రావులపాలెము కోనసీమకు ముఖద్వారము. ఇచ్చటి గ్రామములందు పాడిగల యిండ్లలో కుడితి పెట్టుట, పాక ఊడ్చుట మున్నగు పనులు తరచు స్త్రీలవే. కావున గోమార్లను గూర్చి గృహిణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి. వీనినే పిడుదులనియు నందురు.

గోమారి రక్తము పీల్చుటయే గాక రోగమును గూడ ఒక పశువునుండి వేరొకదానికి మోసికొనిపోవును. ఈ సంగతిని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు ఋజువు చేసిరి. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనినది ఆ తరువాత, 1897లో.

ఇట్లు వచ్చు రోగములలో థైలీరియా, బెబీసియా ముఖ్యములు. మొదటిదానిలో తీవ్రజ్వరము వచ్చి, భుజము ముందరి గ్రంథులు ఉబ్బును. రెండవదానిలో మూత్రము కాఫీరంగున నుండును. నాటుపశువులకంటె సంకరజాతి ఆవులును, వాని దూడలును త్వరగా లోబడును. గుర్తులు కన్పట్టిన నాడే పశువైద్యునికి చూపింపవలెను. ఆలస్యమైన ఆవు దక్కుట కష్టము. థైలీరియాకు టీకా కలదు.

మందు చల్లినను గోమార్లు మరల వచ్చుచున్నవేమని పలువురడుగుదురు. పశువుపై కనబడునవి కొన్నియే. కడుపునిండిన ఆడుగోమారి నేలరాలి, గోడపగుళ్లలోను, గాడిక్రిందను వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున పగుళ్లు పూడ్చి, సున్నము కొట్టి, చెత్త తీసివేసి, పాకకును పశువునకును ఒకేదినమున మందు కొట్టవలెను. గ్రుడ్లు పొదిగి పిల్లలు వచ్చును గనుక డాక్టరు చెప్పిన గడువున మరల కొట్టవలెను. చెవులలోపల, గంగడోలుక్రింద, పొదుగువద్ద, తోకమొదట తప్పక వెదకవలెను.

డెల్టామెత్రిన్, అమిట్రాజ్ మున్నగు మందులు విషములేయని మరువరాదు. కొలత పెంచిన పశువునకు హాని. తగ్గించినచో, చావక మిగిలిన గోమార్లు మందునకు లొంగని సంతతిని కనును. అట్టివి మన దేశమున పెక్కుచోట్ల ఇప్పటికే కనబడినవి. పూర్వము చల్లుచుండిన గమాక్సిన్ పొడి క్రొవ్వులో నిలిచి, పాలలోనికిని నేతిలోనికిని దిగుచుండెను. ప్రభుత్వము 1997లో దానిని నిషేధించినది. పాత డబ్బా యింట మిగిలియున్నను ముట్టరాదు.

మందు కొట్టువారు చేతులకు తొడుగులు వేసికొని, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. పిల్లలను దరికి రానీయరాదు. ఆరువరకు పశువును ఒడలు నాకనీయక, పొదుగు కడిగినపిమ్మటనే పాలు పితుకవలెను. ఎన్నిదినములు ఆ పాలు వాడరాదో డాక్టరునడిగి తెలిసికొనవలెను. మిగిలిన నీళ్లు కాలువలో పోయరాదు. డెల్టామెత్రిన్ చేపలకు ఘోరవిషము.

పాక శుభ్రతను ముందుంచుకొని, మందును కొలతప్రకారము వాడుడని మా మనవి. అప్పుడే గోమార్లును తగ్గును, బిడ్డలు త్రాగు పాలును నిర్మలముగ నుండును.